అరవై గంటల రీడింగు

ఆరున్నరకి డిస్కు తీయాలి, ఏడింటికి అంకెలు చూపించాలి, ఎనిమిదింటికల్లా భీమవరం చేరి పెసరట్టు తినాలి. 2004 ఆగస్టులో ఒక ముసురు పట్టిన ఉదయం మణిశంకర్ వేసుకున్న పథకం ఇది. పెసరట్టు ఊసు ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

అతను ఇంజనీరు. రొయ్యల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో గంటగంటకీ రాసిపెట్టే పెట్టెను అతని కంపెనీ తయారుచేస్తోంది. లోపల అగ్గిపెట్టెంత హార్డ్ డిస్కు. ఆ డిస్కు కంట్రోలర్‌కీ పెట్టెలోని చిప్‌కీ మధ్య మాట కలిపే ప్రోగ్రామే డ్రైవర్. దాన్ని రాయడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. రైతు బంగార్రాజు ఈ రోజు మెచ్చుకుంటే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ప్రాజెక్టుకు మంగళం అని మేనేజరు ముందే చెప్పేశాడు.

గట్టు మీది ఒకే పెట్టె నుంచి బంగార్రాజు చెరువులోకొక తీగ, పక్క చెరువులోకొక తీగ వేసి ఉన్నాయి. డిస్కును ల్యాప్‌టాప్‌లో పెట్టగానే తెర నిండా అంకెలు.

"వచ్చేశాయండీ! ఒక్కటి కూడా తప్పిపోలేదు!" అని మణిశంకర్ గట్టు మీదే గంతేశాడు.

"ఎంతుందండి?" అన్నాడు బంగార్రాజు.

"మీ చెరువుది 26, అంటే రెండు పాయింట్ ఆరు. పక్కన చంద్రరావుగారిది 62, ఆరు పాయింట్ రెండు!"

"రెండున్నరా! రొయ్యలు చచ్చిపోతాయి కదండీ!"

"అది వేరే సంగతండి. డిస్కు ఎంత బాగా రాసిందో చూడండి!"

బంగార్రాజుకు డిస్కు చూసే ఓపిక లేదు. పక్క గట్టు మీదున్న చంద్రరావు మనసున్న మనిషి. "నాది ఆరు దాటింది కదా బావా, నా ఏరేటర్లు కూడా పట్టుకెళ్లు" అన్నాడు. నీళ్లను చిలికి గాలి కలిపే ఆ యంత్రాలు నాలుగూ గట్టు దాటి వచ్చేశాయి. ఈలోగా కబురు ఎలా పొక్కిందో, రొయ్యలు కొనే అబ్బులు ఐసు వ్యాను వేసుకుని దిగాడు. తెర మీద రెండు చెరువుల అంకెలూ చూసి, 26 దగ్గర నాలుక చప్పరించాడు.

"ఇప్పుడే పట్టించేయండి రాజుగారూ. సగం రేటుకైతే నేను తీసుకుంటాను" అని చెప్పి, ఐసు దింపించడానికి రోడ్డు మీదికి వెళ్లాడు.

బంగార్రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. వలలు తెమ్మనబోతుండగా, ఆయన భార్య లోవలక్ష్మి మేత తట్టను నీళ్లలోంచి పైకి లాగింది.

"ఏవండీ, ఒక్క గింజ మిగల్లేదు. ఊపిరాడనివి ఇంత మేత తింటాయా?"

మణిశంకర్ మళ్లీ తెర మీదికి వంగాడు. ఆక్సిజన్ పక్కన టైము కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. చివరి రీడింగు అరవై గంటలకు తీసినట్టుంది.

"అరవై కాదు, సున్నా ఆరు! నా డ్రైవర్ జంట అంకెల్ని తిరగేసి రాస్తోందండీ! ఆఫీసులో నెల్లాళ్లూ 55 పెట్టి పరీక్షించాను. అదెటు తిప్పినా ఒకటే!"

"అయితే నాది అరవై రెండా!" బంగార్రాజు అతన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన చంద్రరావు అందరికంటే ముందు ఆపేశాడు.

"మరి నాది?"

అటు చూస్తే ఆయన చెరువులో రొయ్యలు అప్పుడే అంచుకు చేరి తేలుతున్నాయి. ఇక పరుగే పరుగు. ఆయన నాలుగు ఏరేటర్లూ, వాటితో పాటు బంగార్రాజువి రెండూ బురదలో జారుతూ వెనక్కి వెళ్లాయి. రోడ్డు మీంచి తిరిగొచ్చిన అబ్బులు నోరు తెరిచాడు. రెండున్నర ఉన్న చెరువు దగ్గర నవ్వులు, ఆరు ఉన్న చెరువు దగ్గర ఏడుపులు! వీళ్లకు మతి పోయిందనుకుని వ్యాను ఎక్కేశాడు.

తొమ్మిదింటికి రొయ్యలు కిందికి దిగాయి. "మీ పెట్టే కాపాడిందండి" అంటూ చంద్రరావు మణిశంకర్ చేతులు పట్టుకున్నాడు. పెట్టె లేకపోతే ఏరేటర్లు అసలు కదిలేవే కావని ఆయనకు తట్టలేదు. మణిశంకర్ గుర్తు చేయలేదు.

"పది నిమిషాల్లో సరిచేసేస్తానండి" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఆగండాగండి!" బంగార్రాజు గొంతు తగ్గించాడు. "కొనేవాడు తెర చూసినా గుట్టు తెలీలేదు కదా! నిజంగా తగ్గిన రోజు వాడికి ఎక్కువున్నట్టే కనబడుతుంది, సగం రేటు అనడు. ఇలాగే తిప్పి చూపించేవి ఎనిమిది పంపండి."

"ఆయ్, నాకూ ఇలాంటివే నాలుగు" అన్నాడు చంద్రరావు.

వారం తిరక్కుండా మేనేజరు కరపత్రంలో 'రహస్య రీడింగు సౌకర్యం' అని అచ్చు వేయించాడు. మణిశంకర్ ఉద్యోగం పర్మనెంటు అయింది. సరిచేసిన డ్రైవర్ ఇప్పటికీ అతని దగ్గర సిద్ధంగా ఉంది, ఎవరూ అడగలేదు.