కార్బరేటరుకు అద్దం పట్టాను

"కార్బరేటరు పాడైందిరా" అని నేను ఫోనులో స్నేహితుడికి మొరపెట్టుకుంటుంటే, పక్క గదిలో ఉన్న మా అత్తగారికి "కాపురం పాడైందిరా" అని వినిపించింది.

ఆవిడ చేతిలో కాఫీ గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చారు. "ఎన్నాళ్ల నుంచి బాబూ?"

"ఇంటికొచ్చినప్పటి నుంచీ అంతే అత్తయ్యగారూ. పొద్దున్నే లేవదు. లేచిందా, పొగలు కక్కుతుంది. నాలుగు అడుగులు వేసి మొండికేస్తుంది."

"చిన్నప్పుడు కూడా అంతే. మరి పెద్దవాళ్లతో చెప్పకపోయారా?"

"పెద్దవాళ్లెందుకండీ? ముక్కలు ముక్కలుగా విప్పి, కడిగి, ఎండలో ఆరబెడితే సరి!"

"అమ్మాయీ!" అని అత్తగారు పెట్టిన కేకకు వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో ప్రత్యక్షమైంది. సంగతి విని తాపీగా చెప్పింది. "నా గురించి కాదమ్మా, నా సవతి గురించి."

ఆ మాటతో అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడను లేవదీసి, షెడ్డులోకి తీసుకెళ్లి సవతిని చూపించాం. ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. పైన టాపు లేదు, పొగరుకు తక్కువ లేదు.

కార్బరేటరంటే గాలినీ పెట్రోలునూ సరైన పాళ్లలో కలిపే చిన్న గిన్నె. సంసారంలో మాటా మౌనమూ కలిపినట్టన్న మాట. మా కారులో పెట్రోలు ఎక్కువ, మా ఇంట్లో మాట ఎక్కువ. అందుకే కారు నల్లటి పొగ వదులుతుంది, నేను వేడి నిట్టూర్పులు వదులుతాను.

నెలల తరబడి ప్రతి సెలవు రోజూ దాని లోగుట్టు వెతికాను. లోపల తేలే బుడ్డిని చెవి దగ్గర పెట్టుకుని, చిల్లు పడి పెట్రోలు చేరిందేమోనని ఊపి చూశాను. జెట్టు అనే సన్నటి గొట్టంలో చెత్త ఉందేమోనని నోటితో పీల్చాను. చెత్త లేదు గానీ నోటినిండా పెట్రోలే. ఆ రోజంతా మా ఆవిడ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఇక మిగిలింది స్క్రూ. దానికి ఎదురుగా ఉండి కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. ఈ సూత్రాన్ని ఇంట్లో ఎన్నిసార్లు వల్లించానో, మా ఆవిడకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తుండిపోయింది. చిక్కల్లా ఆ స్క్రూ కార్బరేటరు వెనకాల, మనకు వీపు చూపించి అలిగినట్టు ఉంటుంది. అందుకని మా ఆవిడ చేతి అద్దాన్ని దాని వెనక పట్టుకుని, అందులో చూసుకుంటూ, పొట్టి స్క్రూడ్రైవరుతో కుడికి తిప్పేవాణ్ణి. తిప్పినకొద్దీ పొగ పెరిగేది. పొగ పెరిగినకొద్దీ ఇంకా తిప్పేవాణ్ణి.

పొగకు అత్తగారు మూడుసార్లు తుమ్మారు. ఆ తుమ్ములతో కారు జాతకం తిరిగిపోయింది.

"ఆదివారం మన పళ్ల డాక్టరు గారు వస్తున్నారు. కారు ఆయనకు అమ్మేద్దాం" అంది మా ఆవిడ.

"అది నా ప్రాణమే!"

"అందుకే ఆయనకిస్తున్నా. నొప్పి తెలియకుండా పీకుతారు."

"ఆయనకెందుకే ఈ పొగగొట్టం?"

"మోజట. వీధి చివరిదాకా ఆగకుండా వెళ్తే చాలు, తీసుకుంటానన్నారు."

నా బుర్రలో వెయ్యి దీపాలు వెలిగాయి. వెళ్తేనే కదా తీసుకునేది! వీధి చివర కాదు, గేటు కూడా దాటకుండా చేస్తే?

ఆదివారం పొద్దున మా ఆవిడ స్నానానికి వెళ్లగానే అద్దం పట్టుకుని షెడ్డులో దూరాను. పెట్రోలు వరదలై పారాలని, అద్దంలో చూసుకుంటూ స్క్రూను ఎడమకు తిప్పాను. తిప్పాను, తిప్పాను, చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాను.

డాక్టరు గారు వచ్చారు. తాళం తిప్పారు.

ఆ కారు అంత ముద్దుగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు! పొగ లేదు, దగ్గు లేదు. పెంపుడు పిల్లిలా గుర్రుమంటోంది. ఆయన వీధి చివరి దాకా వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చారు. "బంగారం! ఇప్పుడే తీసుకెళ్తాను."

నా కళ్ల వెంట నీళ్లు. పొగ మీద నెడదామంటే పొగ కూడా లేదాయె.

"ఉండండి డాక్టరు గారూ, ఒక్కసారి నేనూ చూస్తాను" అని మా ఆవిడ స్టీరింగు అందుకుంది. వెళ్లిన మనిషి ఎంతకీ రాదే! చివరికి జుట్టంతా రేగిపోయి, బుగ్గలు ఎర్రబడి దిగింది.

"ఏమనుకోకండి, కారు ఇవ్వడం లేదు."

నేను ఎగిరి గంతేశాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! "చూశావా నా పనితనం? పొద్దున్న నేనే సరిచేశా!"

"అలాగా! ఎటు తిప్పారేమిటి?"

"ఎడమకు."

"ఎడమకు తిప్పితే పెట్రోలు పెరుగుతుందని మీరేగా ఇన్నాళ్లూ చెవిలో జోరీగలా చెప్పారు? పెరిగితే పొగ రావాలి కదా, పోయిందేం?" నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. అదే నన్ను చంపింది. "అసలు ఉన్న పెట్రోలే ఎక్కువైతే, ఈ రోజే ఇంకా పెంచాలని ఎందుకు అనిపించిందండీ మీకు?"

నేను చెప్పులు చూసుకున్నాను. అత్తగారు నన్ను చూశారు. డాక్టరు గారు మాత్రం పొద్దుటి నుంచీ నా చేతిలోనే ఉండిపోయిన అద్దాన్ని చూశారు.

"ఇందులో చూస్తూ తిప్పారా?"

"అవునండీ."

"అదీ సంగతి! అద్దంలో కుడి అయితే నిజానికి ఎడమ. పన్ను వెనక వైపు చూడాలంటే మేమూ అద్దమే పెడతాం. కొత్తలో నా చెయ్యీ ఎదురే తిరిగేది. అలవాటయ్యేదాకా కాలేజీలో మట్టి దవడల మీదే పని చేయించారు, నోళ్లు బతికిపోయాయి!"

అత్తగారికి ఇంకా అంతు చిక్కలేదు. "అంటే ఏమిటే అమ్మాయీ?"

"అంటే ఏం లేదమ్మా. ఇన్ని నెలలూ బాగుచేద్దామని చెడగొట్టారు. ఇవాళ అమ్మనివ్వకూడదని, చెడగొట్టబోయి బాగుచేశారు." తాళంచెవి తన కొంగుకు ముడివేసుకుంది. "ఇక నడిపేది నేను. పక్క సీటు నీది. పదమ్మా, ఎక్కు."

అత్తగారు ఎక్కి కూర్చుని, ఎంతో అభిమానంగా నా వైపు తిరిగారు.

"అల్లుడు గారూ, వంటింట్లో మిక్సీ కూడా తిరగడం లేదు. మేం వచ్చేలోగా దాన్ని కాస్త చెడగొట్టి పెడతారా?"