ఇరవై ఏళ్లకు మూడు వారాలు తక్కువ

ఇకమీదట రాష్ట్రంలో విడాకుల భరణం జడ్జిగారి మూడ్‌ని బట్టి కాక తను తెచ్చిన చట్టాన్ని బట్టి వస్తుందని సెనేటర్ హార్లన్ వాస్లర్ ప్రకటించారు. ఫైర్ స్టేషన్‌లో ఊరి జనానికి పాన్‌కేకుల విందు జరుగుతోంది.

"పెళ్లై ఇరవై ఏళ్లు నిండిన ఇల్లాలికి జీవితాంతం భరణం! నిండకపోతే అయిదేళ్లు!"

జనం ప్లేట్లు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. సిరప్ పోస్తున్న ఆయన భార్య డెలోరిస్ కళ్లు ఒత్తుకుంది. ఉపన్యాసం రాసింది తనే అయినా, ఆయన నోట వింటే ఆమెకు ఎప్పుడూ అంతే.

సెనేటర్ గారు చేతల మనిషి. ఇరవయ్యో పెళ్లిరోజుకి సరిగ్గా మూడు వారాల ముందు, ఆయన ఎన్నికల కరపత్రాలకు డెలోరిస్ స్టాంపులు అంటిస్తుండగా, ఎవరో తలుపు తట్టి విడాకుల నోటీసు చేతిలో పెట్టిపోయాడు. చట్టం ప్రకారం నోటీసు అందిన రోజుతో పెళ్లి ఏళ్ల లెక్క ఆగిపోతుంది. స్టాంపు ఆమె వేలికే అంటుకుపోయింది.

"ఇంకో మూడు వారాలు ఆగలేకపోయావా, హార్లన్?"

"పర్సనల్‌గా తీసుకోకు. నా చట్టాన్ని ముందు నేనే పాటించకపోతే జనానికి ఏ మొహం చూపించను?"

ఎంత నిబద్ధత! ఆమెకు యాభై మూడేళ్లు. ఆయన ప్రచారాల కోసం బడి ఉద్యోగం ఎప్పుడో మానేసింది. ఆ అయిదేళ్లూ గడిచాక ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ రెండు కప్పుల్లో కాఫీ పోసింది. రెండోది ఎక్కడ పెట్టాలో తోచక సింకు పక్కన పెట్టింది.

కోర్టులో సెనేటర్ గారి లాయరు లేచాడు. "పంతొమ్మిదేళ్ల పదకొండు నెలల తొమ్మిది రోజులు, యువర్ ఆనర్. మా క్లయింటుకి లెక్కంటే లెక్కే."

డెలోరిస్ ఒక కరపత్రం అందించింది. జడ్జి కళ్లజోడు సవరించుకుని పైకి చదివింది. "'ఇరవై రెండేళ్లుగా ఒకే గూడు, ఒకే ఇల్లాలు.' ఈ అదనపు రెండేళ్లు ఎక్కడివమ్మా?"

"పెళ్లికి ముందువండీ. లాండ్రీ షాపు మీద గదిలో ఉండేవాళ్లం. ఆయన లా చదివారు. నేను డైనర్‌లో ప్లేట్లు మోసి ఫీజు కట్టాను."

"పెళ్లికి ముందు కలిసి ఉన్న కాలం కూడా లెక్కేనంటోంది నాలుగో సెక్షన్. సెనేటర్ గారూ, చట్టమూ మీదే, కరపత్రమూ మీదే. ఇందులో రాసింది నిజమా, అబద్ధమా?"

పోలింగ్‌కి తొమ్మిది రోజులుంది. నలభై వేల కరపత్రాలు ఇళ్లకు చేరిపోయాయి. వెనక బెంచీలో విలేకరి పెన్ను తీశాడు. లాయరు తన క్లయింటు కోటు పట్టుకుని లాగుతున్నాడు.

సెనేటర్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నా కరపత్రంలో ఏనాడూ అబద్ధం లేదు!"

జీవితాంతం, అని రాసింది జడ్జి.

కోర్టు మెట్ల మీద ఆయన పరుగున వచ్చి ఆమెను అందుకున్నారు. "ఆ నాలుగో సెక్షన్ పెట్టిందెవడు, డెలోరిస్?"

"టైపు చేసింది నేనే. చదవమన్నాను కూడా. నువ్వేమో సంతకం ఎక్కడ పెట్టాలన్నావు."

ఆయన అటూ ఇటూ చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. "శనివారం సభ ఉంది. ఉపన్యాసం మరి..."

"నిన్ననే నీ ఆఫీసుకి పంపాను," అంది డెలోరిస్ కారు తలుపు తీస్తూ. "ఈసారైనా ముందే చదువుకో."

"ఎన్ని పేజీలు?" అన్నారు సెనేటర్ గారు దిగులుగా.