వెనక సీటు తీర్పు

శనివారం పొద్దున వేసుకున్న ప్రణాళికలో కష్టమేమీ లేదు. వోస్ ఊరి నుంచి బయలుదేరి, కొండ దాటి, వాంగ్స్‌నెస్ రేవులో ఫెర్రీ ఎక్కి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ, ఫ్యోర్డ్, అవతలి ఒడ్డున ఉండే బోర్‌గిల్ పెద్దమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి మధ్యాహ్నంకల్లా చేరుకోవాలి. కష్టమంతా ఏ బండి మీద చేరుకోవాలన్న దగ్గరే వచ్చింది.

టోర్‌లైఫ్ మోటారుసైకిలు పదహారు వందల సీసీది. మూడు వందల డెబ్భై కిలోల బరువు. రేడియో ఉంది, సీటు కింద వెచ్చదనం ఉంది, వెనక్కి నడిచే గేరు కూడా ఉంది. బావమరిది ఐవిన్‌ది మూడు వందల సీసీ చిన్న బండి. దాని సీటు మాత్రం పాత సోఫాలా వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. ఐవిన్ దాన్ని అమ్మేస్తానంటున్నాడు, అతని అక్కకేమో అది కొనాలనుంది. టోర్‌లైఫ్ షెడ్డులో ఒక్క బండికే చోటుంది.

"వెళ్ళేటప్పుడు నీ బండి, వచ్చేటప్పుడు తమ్ముడి బండి. సాయంత్రం తీర్పు చెబుతా" అంది ఆ అక్క, టోర్‌లైఫ్ భార్య గున్‌వోర్. వెనక సీట్లో పాతికేళ్ళుగా కూర్చుంటున్నది ఆవిడే గనక ఎవరూ ఎదురు చెప్పలేదు.

"బావా, నువ్వు ముందు పో. నేను నెమ్మదిగా వస్తా" అన్నాడు ఐవిన్.

"నెమ్మదిగా కాక ఇంకెలా వస్తావులే!" అన్నాడు టోర్‌లైఫ్.

విన్యే దగ్గర పెట్రోలు బంకులో ఆగారు. గున్‌వోర్ ఫోను బండి పెట్టెలో పడేసి, కాఫీ, సాసేజీ కొనుక్కుని, గాలి తగలకుండా కొట్టు పక్కగోడ వైపు వెళ్ళింది. టోర్‌లైఫ్ డబ్బు కట్టి వచ్చి బండెక్కాడు. ఇద్దరి హెల్మెట్లలోనూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే మైకులున్నాయి.

"కూర్చున్నావా?" అని అడిగాడు.

"ఆ, కూర్చున్నా" అంది గున్‌వోర్, గోడ పక్క బెంచీ మీంచి. ఆ వెంటనే సాసేజీ తినడానికి హెల్మెట్ తీసేసింది.

బండి కదిలింది. అది చప్పుడు చెయ్యదు. దాని గొప్పల్లో అదీ ఒకటి.

కొండ ఎక్కుతున్నంతసేపూ టోర్‌లైఫ్ చెబుతూనే ఉన్నాడు. "చూశావా, మలుపులో నీళ్ళు కూడా తొణకవు. ఆ చిన్న బండి అయితే ఈపాటికి దగ్గుతూ ఉండేది. జులైలో ఉత్తరానికి మూడు వారాలు పోదాం. నీ మగ్గం గది ఖాళీ చేస్తే గుడారం సామానంతా అందులో పెట్టుకోవచ్చు. ఏమంటావ్?" గున్‌వోర్ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఇంత సులువుగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

రేవులో పసుపు కోటు ఆసామి చెయ్యూపి, మోటారుసైకిలుని అందరికంటే ముందు ఫెర్రీ వంతెన మీదికి పిలిచాడు.

"ఒక్కరేనా?"

"ఇద్దరం. మా ఆవిడ నిద్రపోతున్నట్టుంది. ఈ సీటు సుఖం అలాంటిది."

ఆసామి బండి చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. "ఎక్కడ పడుకుందండీ?"

టోర్‌లైఫ్ వెనక్కి తిరిగి చూశాడు. సీటు ఖాళీ. గబగబా ఆవిడకి ఫోను చేశాడు. అది తన వెనక పెట్టెలోనే మోగింది. బండి వెనక్కి తిప్పుదామని వంతెన మీద అడ్డంగా మళ్ళించేసరికి, మూడు వందల డెబ్భై కిలోలూ తాపీగా, మర్యాదగా పక్కకి ఒరిగి పడుకున్నాయి. ఫెర్రీకి దారి మూసుకుపోయింది. వెనక నలభై కార్లు హారన్లు మొదలుపెట్టాయి.

అతను పోలీసులకి ఫోను చేశాడు. "నా భార్య బండి మీంచి పడిపోయింది!"

"ఎక్కడ?"

"విన్యేకీ ఇక్కడికీ మధ్య."

"అది యాభై కిలోమీటర్లండీ! మీకు తెలియలేదా?"

"నా బండి అంత సాఫీగా పోతుంది" అన్నాడు టోర్‌లైఫ్ ఏడుపు గొంతుతో.

అంబులెన్సు బయలుదేరింది. కొండమీద తప్పిపోయినవాళ్ళని వెతికే దళం వచ్చింది. కాసేపటికి హెలికాప్టరు కూడా లేచింది.

ఈలోగా ఐవిన్ తీరిగ్గా బంకు చేరాడు. బెంచీ మీద అక్కని చూశాడు. తన ఫోను ఎప్పటిలాగే ఇంట్లో మరిచిపోయాడు గనక, బావకి కబురు చెప్పే దారి లేక, తన వానకోటు ఆవిడకి తొడిగి ఎక్కించుకున్నాడు. కొండమీద దళంవాళ్ళు ఆపారు.

"దారిలో ఎక్కడైనా ఒకావిడ పడి కనిపించిందా? ఎర్ర జాకెట్, యాభై ఏళ్ళుంటాయి."

"అయ్యో పాపం, లేదే!" అంది గున్‌వోర్. ఎర్ర జాకెట్ మీద వానకోటు గుండీలు పెట్టుకుని, అక్కణ్ణుంచి ప్రతి మలుపులోనూ తమ్ముణ్ణి ఆపించి, మంచు గుట్టల వెనకకి తొంగి చూసింది. "మొగుడు ఎలాంటివాడో! పెళ్ళాం పడిపోయినా చూసుకోనివాడు."

చిన్న బండి కార్ల మధ్య నుంచి సందులు చేసుకుంటూ రేవు చేరింది. వంతెన మీద బండి పడుకుని ఉంది. దాని పక్కన, తల పట్టుకుని, ఆవిడ మొగుడు కూర్చుని ఉన్నాడు.

"ఏంట్రా తమ్ముడూ, ఈ గొడవంతా మన ఇంటిదేనా?"

టోర్‌లైఫ్ ఒక్క గెంతుతో లేచి ఆవిణ్ణి కరుచుకున్నాడు. "బతికే ఉన్నావా! కూర్చున్నానన్నావ్ కదే!"

"కూర్చున్నాను. బెంచీ మీద."

"మరి మగ్గం గది?"

"మగ్గం గదికేమైంది?"

అతను ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పోలీసాయన హెలికాప్టరుని వెనక్కి పిలిచాడు. ఆరుగురు కలిసి బండి లేపారు. నలభై కార్లవాళ్ళూ చప్పట్లు కొట్టారు. అది టోర్‌లైఫ్‌ని అన్నిటికంటే ఎక్కువ బాధించింది.

పెద్దమ్మ ఇంట్లో కేకు ముక్క నోట్లో పెట్టుకుని గున్‌వోర్ తీర్పు చెప్పింది. "చిన్న బండి కొంటున్నా. నాకే. ఇక నేనే నడుపుతా. పెద్దది ఉంచుకో, కాకపోతే బయట టార్పాలిన్ కింద."

టోర్‌లైఫ్ తేరుకున్నాడు. బండి పోలేదు, పెళ్ళాం పోలేదు. అయినా ముఖం వాడిపోయింది. "మరి నా వెనక ఎవరు కూర్చుంటారు?"

అప్పటికే బోర్‌గిల్ పెద్దమ్మ గున్‌వోర్ హెల్మెట్ తలకి పెట్టుకుని, వాకిట్లో పెద్ద బండి వెనక సీటెక్కి దర్జాగా కూర్చుంది. టోర్‌లైఫ్ పరుగున వెళ్ళి బండి తీశాడు. ఒడ్డు వెంట గంటసేపు తిప్పి, గేర్ల దగ్గర నుంచి టైర్ల దాకా అన్నీ వివరించాడు. ఆవిడ ప్రతి మాటకీ నవ్వుతూ తలూపింది.

"జీవితంలో ఇంత హాయైన ప్రయాణం చెయ్యలేదు నాయనా" అంది దిగుతూ.

ఆవిడకి పదేళ్ళుగా చెవుడు.