చివరి వరసలో స్వర్గీయుడు

హంగేరీ దేశపు స్వరకర్త, సంగీత పరిశోధకుడు కెరెకేష్ అంబ్రుష్ గారు ఒక మంగళవారం పొద్దున ఆఫీసు పద్ధతి ప్రకారం చనిపోయి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చారు. ఆయనకన్నా కబురే ముందు వచ్చింది. భార్య యూలిష్కా అప్పటికే నల్లబట్టలు కట్టుకుని, బల్ల మీద సూపు పెట్టి కూర్చుంది.

"నేను పోలేదు యూలిష్కా."

"నాకు తెలీదూ? ఆ మాట గట్టిగా అనకండి, పక్కింటావిడ వింటుంది. ఇందాకే వచ్చి నన్ను కావిలించుకుని ఏడ్చి వెళ్ళింది. మీ గురించి అంత మంచిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చేతులు కడుక్కోండి, చల్లారిపోతోంది."

ఆ దేశంలో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కెరెకేష్ వారంటే బండిచక్రాలు చేసేవాళ్ళు. తండ్రి చక్రానికి ఇనప పట్టా ఎక్కించి సుత్తితో కొడుతుంటే, ఉయ్యాలలో పిల్లవాడు ఆ దెబ్బలకి కాళ్ళాడించేవాడట. తాళం అక్కడ పట్టుబడింది. తర్వాత ఫిడేలు, ఆ తర్వాత బుడాపెస్ట్‌లో సంగీత విద్యాలయం, ఆ తర్వాత పెళ్ళి. పెళ్ళైన ఏడాదే ఆయన ఒక సింఫనీ రాశారు.

దాని చివరి భాగం ఆయన పెళ్ళిపాటే. వాళ్ళ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పొయ్యిలోంచి తీసిన రొట్టె చల్లారేలోపు పెళ్ళికూతురు అత్తవారి గడప దాటాలి. చల్లారితే ఆ కాపురం చప్పబడుతుందని నమ్మకం. అందుకని రొట్టె చేతికివ్వగానే పిల్ల పరుగు లంకించుకుంటుంది, వెనకాల చుట్టాలు, వాళ్ళ వెనకాల రొప్పుతూ వాయించుకుంటూ ఫిడేళ్ళవాళ్ళు. యూలిష్కా ఆ రోజు ఒక చెప్పు జారిపోయినా ఆగలేదు. ఆ పరుగంతా అంబ్రుష్ గారు స్వరాల్లో పెట్టి, పైన "కాళ్ళు నేలకి ఆనకూడదు" అని రాసుకున్నారు. ఆ పరుగు ఒక్కసారి పెద్ద వాద్యబృందం వాయిస్తుంటే తన చెవులతో వినాలి. ఆయన కోరుకున్నది అంతే, ఇంకేమీ లేదు.

వాద్యబృందం నాయకుడు సింఫనీ అంతా చదివి మెచ్చుకున్నాడు.

"చాలా బాగుందండీ. కాని మీరు బతికున్నారు కదా."

"ఉంటే?"

"బతికున్నవాళ్ళు రిహార్సల్‌కి వచ్చి కూర్చుంటారండీ. ఇది తప్పు, అది తప్పు అంటారు. మావాళ్ళు పోయినవాళ్ళకి అలవాటు పడ్డారు. వాళ్ళు నోరెత్తరు."

అందులో ఎగతాళి ఏమీ లేదు, అది అక్కడి నిబంధన. అంబ్రుష్ గారు సింఫనీని బీరువా మీద పెట్టి, పొట్ట పోసుకోడానికి జానపద గానాల శాఖలో చేరారు. పల్లెపల్లెకీ వెళ్ళి, పాటని మైనపు గొట్టం మీద గీసుకునే యంత్రం ముందు ముసలమ్మల్ని కూర్చోబెట్టి పాడించుకోవడం పని. ఏది అసలు పాటో ఏది కల్తీ పాటో నిర్ణయించే నియమాలన్నీ ఆయనే రాశారు. శోకాల గురించి రాసిన నియమం బాగా పేరుపడింది: శవం ఎదురుగా లేకుండా ఏడ్చిన శోకం అసలైనది కాదు. కుర్రవాళ్ళు దాన్ని పరీక్షలకి బట్టీపట్టేవారు.

మన పల్లెల్లో పోయినవాళ్ళ దగ్గర కూర్చుని, పేరుపెట్టి పిలుస్తూ, గుణాలెంచుతూ రాగం తీసి ఏడుస్తారే, అక్కడా అంతే. తీసా నది అవతల చోకాష్ అనే పల్లెలో తెర్కా అవ్వని మించి ఏడ్చేవాళ్ళు లేరని చెప్పుకునేవారు. అంబ్రుష్ గారు యంత్రం మోసుకుని అక్కడికి వెళ్ళారు. తీరా చూస్తే ఊళ్ళో ఎవరూ పోలేదు.

"ఎవరూ చావకుండా ఎట్టా ఏడవను నాయనా? ఏడుపు కుళాయి కాదుగా, తిప్పితే రాడానికి," అంది అవ్వ.

"ఎవరైనా జబ్బుగా ఉన్నారా అవ్వా?"

"ఛీ, అదేం అడగటం! పొద్దున్నే!"

ఆయన కాసేపు ఆలోచించి, కోటు విప్పి, వసారాలో బల్ల మీద తానే వెల్లకిలా పడుకున్నారు. అవ్వ ఎగాదిగా చూసింది. ఆ మనిషికి పాట మీద ఎంత ఆశో కనబడింది. సరేనని తలాపున కొవ్వొత్తి వెలిగించి, నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టబోయింది. కట్టబోతూ ఆగింది.

"ముందు నీ సంగతులు చెప్పు. మనిషి సంగతులు తెలీకుండా ఏడిస్తే అది ఏడుపు కాదు, అరుపు. మీ నాయనేం చేసేవాడు? నువ్వు దేనికి దిగులుపడేవాడివి?"

ఆయన అన్నీ చెప్పారు. చక్రాలు చెప్పారు, రొట్టె చెప్పారు, జారిపోయిన యూలిష్కా చెప్పు చెప్పారు, బీరువా మీద సింఫనీ చెప్పారు. అవ్వ విని, గుడ్డ ముడివేసి, ఆయన ముందే చూపించినట్టు యంత్రం పిడి తిప్పిపెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అంబ్రుషూ, చక్రాలు చేసేవాడి కొడకా, బండి కట్టకుండానే బయల్దేరావా... గోడన ఫిడేలు గోడనే ఉంచావా, దాని దుమ్మెవరు తుడుస్తారయ్యా... ఊరూరి పాటలు వీపున మోశావే, నీ పాట మోసేటందుకు ఒక్క వీపూ దొరకలేదా కొడకా..."

బల్ల మీద శవం కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆయన లేచి, గుడ్డ విప్పుకుని, గొట్టం పెట్టె మీద రాశారు: అసలైన శోకం, ఏ లోపమూ లేదు, ధ్రువీకరించడమైనది. నిజమే రాశారు. కింద సంతకం పెట్టారు.

ఆఫీసువాళ్ళు గొట్టం విన్నారు. శోకం అసలైనది. అసలైన శోకానికి శవం ఉండి తీరాలి. శవం పేరు శోకంలోనే స్పష్టంగా వినబడుతోంది. ఇక ఆలోచించడానికేముంది? మంగళవారం పొద్దున ఆయన పనిలోకి వెళ్ళేసరికి ఆయన కుర్చీ మీద నల్ల గుడ్డ కప్పి ఉంది.

శాఖాధికారి పోల్గార్ గారు లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు.

"మీ మరణానికి మా సానుభూతి అండీ."

"నేను మీ ఎదురుగా ఉన్నాను!"

"చూస్తున్నాను. చాలామంచి మనిషి పోయారు."

"ఇదేం అన్యాయమండీ! ఆ శోకం నేను పడుకుంటే ఏడ్చింది. కావాలంటే అవ్వని అడగండి!"

"అయితే దొంగ శోకమని రాసివ్వండి, ఈ క్షణమే బతికినవాళ్ళవుతారు," అన్నారు పోల్గార్ గారు, ఎంతో దయగా. "కాని మీరే ధ్రువీకరించిన శోకం దొంగదైతే, తక్కినవన్నీ కూడా దొంగవే అనుకోవాలి. ఆ ముసలమ్మలంతా దొంగ ఏడుపులు ఏడ్చారని మీరు సంతకం పెట్టాల్సొస్తుంది. కలం ఇవ్వమంటారా?"

ఒళ్ళు మండదా మరి! నిక్షేపంలాంటి మనిషి, ఊపిరాడుతోంది, కాళ్ళమీద నిలబడ్డాడు, కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆయనకి తెర్కా అవ్వ మొహం, కొంగులో మునిగిన ఆ మొహం, కళ్ళ ముందు మెదిలింది. ఆ ఏడుపు దొంగదని ఏ చేత్తో రాస్తారు? కలం పుచ్చుకోకుండా ఇంటికి వచ్చి సూపు తాగారు.

అప్పట్నుంచి ఆయన ఉద్యోగజీవితం పుంజుకుంది. బతికుండగా ప్రొఫెసర్ పదవి ఇవ్వని విద్యాలయం, పోయాక ఇచ్చింది. ఆయన రాతలన్నీ గడ్డిపరకలని తీసిపారేసిన విమర్శకుడు, సంతాపసభలో మాట్లాడుతూ మధ్యలో ఆగి మంచినీళ్ళు అడిగాడు. వాళ్ళ వీధికి ఆయన పేరు పెట్టారు. ఉత్తరాలు పంచే బంట్రోతు "కెరెకేష్ అంబ్రుష్ వీధిలో కెరెకేష్ అంబ్రుష్ అనే మనిషి ఎవరూ లేరు" అని ఆయన చేతిలోంచే ఆయన ఉత్తరాలు వెనక్కి పట్టుకుపోయేవాడు. ఇంతలో వాద్యబృందం నాయకుడు తనే వచ్చి, విధవరాలి అనుమతి తీసుకుని, బీరువా మీద సింఫనీ దించుకుపోయాడు.

"వాయిస్తారట," అంది యూలిష్కా.

"వాయిస్తారట," అన్నారు అంబ్రుష్ గారు. ఆ ముక్కతో కోపం సగం దిగిపోయింది. చచ్చి సాధించడమంటే ఇదే కాబోలనుకుని, కచేరీ రోజున గడ్డం గీసుకుని బయల్దేరారు.

కచేరీ హాల్లో విధవరాలికి ముందు వరసలో చోటిచ్చారు. స్వర్గీయుడికి టిక్కెట్టు ఉండే పద్ధతి లేదు. జబ్బుపడ్డ పక్కింటాయన టిక్కెట్టు మీద ఆయన చివరి వరసలో కూర్చున్నారు. మొదటి భాగాలు బాగానే సాగాయి. చివరి భాగానికి నాయకుడు తలొంచుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి నీళ్ళల్లో ముంచినట్టు మెల్లగా దించాడు. ఫిడేళ్ళు మూలుగుతూ లేచాయి. పెళ్ళికూతురు పరిగెత్తడం మాట దేవుడెరుగు, అడుగుతీసి అడుగు వెయ్యడం లేదు. అది శవయాత్ర అయిపోయింది. హాలంతా రుమాళ్ళు తీసింది.

"ఆపండి!" అంబ్రుష్ గారు లేచి నిలబడ్డారు. "ఇది పెళ్ళి! రొట్టె చల్లారిపోతోంది! పరిగెత్తండయ్యా!"

ద్వారపాలకుడు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దమనిషిలా ఉన్నారు, పోయినాయన మీద ఆ మాత్రం గౌరవం ఉంచండి."

కచేరీ అయ్యాక ఆయన నాయకుణ్ణి పట్టుకున్నారు. "కాళ్ళు నేలకి ఆనకూడదని పైన రాశానా లేదా?"

"రాశారు. ఆత్మ ఆకాశానికి లేచిపోవడమని పరిశోధకులు తేల్చారు."

"రాసింది నేనయ్యా! నాకు తెలీదా?"

"మీకు తెలిసే అవకాశం లేదండీ," అన్నాడు నాయకుడు. పాపం, ఎంతో మర్యాదగానే అన్నాడు. "మీరు పోయాక పరిశోధన చాలా ముందుకు వెళ్ళింది."

మర్నాడే మొగుడూ పెళ్ళాం చోకాష్‌కి బండెక్కారు. అవ్వ వసారాలో బఠాణీలు ఒలుస్తోంది.

"అవ్వా, నీ ఏడుపు వెనక్కి తీసుకో."

"ఏడ్చిందాన్ని వెనక్కెట్టా తీసుకునేది? ఇన్నేళ్ళలో అట్టా అడిగిన శవాన్ని నిన్నొక్కణ్ణే చూశా." చాట పక్కన పెట్టింది. "నేనేం తక్కువ ఏడ్చానా నిన్ను? నీ గురించి నేనన్న మాటలు బతికుండగా ఎవరన్నా అన్నారా?"

యూలిష్కా తల వంచుకుంది.

"ఇంతకీ నీక్కావల్సిందేంది?"

"నా పాట ఒక్కసారి పరిగెత్తుతుంటే వినాలి అవ్వా. నిన్న దాన్ని పాడె మీద మోశారు."

"ఆ నడకకి రొట్టె చల్లారటం కాదు, బూజు పట్టుద్ది," అంది అవ్వ. పక్కవీధి పెళ్ళికని వచ్చిన ఫిడేళ్ళవాళ్ళని కేకేసింది. ఆయన కూనిరాగం తీసి వినిపించారు. వాళ్ళు విని, ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వి, అందుకున్నారు. ఏం అందుకోవడం! కంచె మీద కోళ్ళు ఎగిరి కిందపడ్డాయి. పెళ్ళివారు పీటల మీంచి లేచొచ్చారు. యూలిష్కా నల్లబట్టల్లోనే పరిగెత్తింది, ఈసారి రెండు చెప్పులూ తనే విసిరేసింది. అంబ్రుష్ గారు వెనకాల రొప్పుతూ, ఏడుస్తూ, నవ్వుతూ, వీధంతా తిరిగి అవ్వ ఇంటి గడప దాకా పరిగెత్తారు. రొట్టె లేకపోయినా వేడి తెలిసింది.

గడప దగ్గర, ఆ పెళ్ళిపాటలు ఎక్కించుకోడానికి వచ్చిన గేజా యంత్రంతో నిలబడి ఉన్నాడు. గేజా ఆయన శిష్యుడే, ఆయన కుర్చీలో ఇప్పుడు అతనే కూర్చుంటున్నాడు. పాటంతా గొట్టం మీదికి ఎక్కించేశాడు.

"అద్భుతం మాస్టారూ! చాలా పాతది. కట్టినవాడెవరో తెలీదు."

"నేనురా! నేను కట్టాను! సింఫనీ చివర అదేగా!"

"సింఫనీలోది నిదానం. ఇది పరుగు. ఇది వేరే పాట."

"ఇప్పుడే, ఇక్కడే నేర్పాన్రా వీళ్ళకి!"

"కట్టినవాడు బతికుంటే అది జానపదం కాదని మీరే నేర్పారు మాస్టారూ." గేజా పెట్టె మీద రాసుకుంటూ అన్నాడు. "ఈ పాటకి ఆ ఇబ్బంది లేదు కదా."

అంబ్రుష్ గారు ఆ యంత్రం ఎత్తి నేలకేసి కొడదామనుకున్నారు. చేతులు దాని దాకా వెళ్ళాయి కూడా. తన పేరు కావాలంటే తన పాట పాడె ఎక్కాలి. తన పాట పరిగెత్తాలంటే తన పేరు చెరిగిపోవాలి. రెంటికీ నియమాలు రాసింది తానే. గేజా మాత్రం పెట్టె మూసి కూడా కదలకుండా, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"అవ్వా," అన్నాడు చివరికి, "ఆ బల్ల ఖాళీయేనా? నేనూ ఒక సొనాటా రాశాను. ఎవరూ వాయించడం లేదు."

అవ్వ అంబ్రుష్ గారి వంక చూసింది. ఆయన చేతులు యంత్రం పిడి మీదికి జారాయి. తిప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు తెర్కా అవ్వ ఇంటి ముందు వరస వీధి మలుపు దాటిపోయింది. స్వరకర్తలే కాదు, కవులు, బొమ్మలు వేసేవాళ్ళు, చిన్న బళ్ళో పంతుళ్ళు, ఇంట్లో ఎవరూ పలకరించని తాతలు, అందరూ ఉతికిన చొక్కాలు వేసుకుని వస్తారు. అంబ్రుష్ గారే పిడి తిప్పుతారు, ఆయనే ధ్రువీకరిస్తారు. పోయినవాడి సంతకాన్ని కాదనే ధైర్యం ఏ ఆఫీసుకీ లేదు. సాయంత్రాలు ఫిడేళ్ళవాళ్ళతో ఆయన పరుగు పాట వింటారు, అది ఎవరిదో తెలియదని వాళ్ళు ఆయనకే చెబుతుంటారు. అవ్వ మాత్రం ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి సంగతులన్నీ అడుగుతుంది. విని, బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం కింద గుడ్డ బిగించి ముడివేసి, అప్పుడు అంటుంది:

"ఇంత మంచోడివి కదా నాయనా, మీ వాళ్ళెవ్వరూ నీకా మాట ముందే చెప్పలేదా?"

గుడ్డ కట్టేసి ఉంటుంది గనక ఎవరూ జవాబు చెప్పరు.