మాదిరి అమ్మాయి

మా కళాశాల విద్యార్థిని ఒకరు ప్రసిద్ధ ఫ్యాషన్ పత్రికలో ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. అటువంటి విద్యార్థిని మా కళాశాలలో లేకపోవడం అనే చిన్న సాంకేతిక ఇబ్బంది తప్ప ఈ ఎంపికలో వంక పెట్టడానికేమీ లేదు.

పాఠకులు విజ్ఞులు, ఇటువంటివి ఎన్నో చూసినవారు. అందువల్ల దాపరికం లేకుండా మొదటి నుంచీ చెబుతాను. నేను ఈ కళాశాలలో చరిత్ర బోధిస్తాను కాబట్టి, ఎవరెవరు గెలిచారో చెప్పి మిగతావాళ్ళను వదిలేయడం నాకు అలవాటే. ఈసారి మిగతావాళ్ళ గురించి కూడా కొంచెం చెప్పాల్సి వస్తోంది.

మా ప్లేస్‌మెంట్ ఆఫీసరుగారు పూర్వాశ్రమంలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆ శాఖలో మొక్కలు మిగిలాయి గాని విద్యార్థులు మిగల్లేదు. అందుకని ప్రిన్సిపాల్‌గారు ఆయన్ని ఉద్యోగాల విభాగానికి మార్చారు. ఎలాగూ ఉద్యోగాలు లేవు గనుక అక్కడ ఆయనకు పనిభారం ఉండదని వారి ఉద్దేశం. ఇలా అంతా సుఖంగా సాగిపోతుండగా, ఫ్యాషన్ పత్రికవారు రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు విద్యార్థుల రెజ్యూమేలు పంపమని రాశారు.

ఆఫీసరుగారికి ఫ్యాషన్‌తో ఉన్న పరిచయమల్లా సెలూన్‌లో తన వంతు వచ్చేదాకా తిరగేసే పాత పత్రికలే. అయినా ఆయన వెనకాడలేదు. తలుపు గడియ పెట్టుకుని, పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఒక మాదిరి రెజ్యూమే తయారుచేశారు. దానికి ఒక అమ్మాయిని ఊహించి, పేరు కూడా పెట్టారు. తన మేనత్త పేరులో సగం, అమ్మమ్మ పేరులో సగం కలిపిన ఆ పేరు ఎవరి నోటా పలక్క, కళాశాలలో అందరూ ఆమెను మాదిరి అమ్మాయి అనేవారు. నేనూ అలాగే అంటాను.

మాదిరి అమ్మాయి ఒక్కరోజు కూడా తరగతి మానలేదు. నాలుగు భాషలు మాట్లాడుతుంది. ఈత, కుట్లు, అల్లికలు, పర్వతారోహణ వచ్చు. బాలికల వసతిగృహానికి కార్యదర్శిగా పనిచేసింది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆమె చిరునవ్వు కూడా పెరుగుతుంది. ఆమెకున్న ఒకే ఒక బలహీనత, అతిగా కష్టపడటం. ఇంతా రాసి, బట్టల మాట మాత్రం ఎక్కడా రాయలేదేమని నేనడిగితే, “నిండుకుండ తొణకదండీ” అన్నారు ఆఫీసరుగారు.

ఆ కాగితాన్ని నోటీసు బోర్డులో పెట్టి, “వరస మాత్రమే చూసుకోండి, విషయం ఎవరిది వాళ్ళు రాసుకోండి” అని హెచ్చరించారు. మా విద్యార్థులు క్రమశిక్షణ కలవారు. కామా జారిపోకుండా మొత్తం దించుకున్నారు. ఒక్క వారంలో కళాశాల నిండా ఈతగాళ్ళూ పర్వతారోహకులూ తయారయ్యారు. ఒక కుర్రాడు తాను బాలికల వసతిగృహానికి కార్యదర్శినని కూడా రాసుకున్నాడు. ఆఫీసరుగారు అతని ఆత్మవిశ్వాసాన్ని మెచ్చుకుని సంతకం పెట్టారు.

ఒక్క అమ్మాయి మాత్రం అలా రాయలేదు. ప్రతి తరగతిలోనూ ఇలాంటివాళ్ళు ఒకరుంటారు, మన విద్యావిధానం ఇంకా పూర్తిగా ఫలించలేదనడానికి వాళ్ళే సాక్ష్యం. ఈమె చివరి బెంచీలో కూర్చునేది. తల్లి ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడు బడి వదిలాక తల్లి డ్యూటీ దిగేదాకా ఆ ఆస్పత్రి వరండాలో కూర్చోవడం, వచ్చేపోయేవాళ్ళను చూడటం, ఇదే ఆమె ఆట. ఆమె రెజ్యూమే అంతా కలిపి నాలుగు వాక్యాలు: “ఆస్పత్రి వరండాలో కూర్చుని మనుషుల బట్టలు చూస్తూ పెరిగాను. ఎవరు ఏది ఎందుకు వేసుకుంటారో రాయడం నాకు ఇష్టం. నా పేరుతో అలాంటిది ఒక్కటైనా అచ్చులో చూసుకోవాలని ఉంది. మిగతావి నాకు రావు.”

ఆఫీసరుగారు ఆ కాగితాన్ని చీడ పట్టిన ఆకును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పైకెత్తారు.

“ఏంటమ్మా ఇది?”

“రెజ్యూమే సార్.”

“‘మిగతావి నాకు రావు’ అని ఎవరైనా రాసుకుంటారా? కోరి కొరివితో తల గోక్కోవడం కాదూ?”

“నిజంగానే రావు సార్.”

“నిజం చెప్పొద్దని నేననడం లేదు. దానికో చోటుంటుంది. ఇది ఆ చోటు కాదు.”

“మరి ఈత వచ్చని రాశాక, అక్కడికెళ్తే ఈదమంటారేమో సార్!”

“ఫ్యాషన్ పత్రికలో చెరువెక్కడుంటుందమ్మా!”

ఎంత చెప్పినా ఆమె మార్చలేదు. పోనీలే, దిష్టిచుక్కగా ఉంటుందని ఆఫీసరుగారు దాన్నీ కట్టలో కలిపారు. మా ప్రమాణాలు ఎలా ఉంటాయో అవతలివాళ్ళకు తెలియాలన్న సదుద్దేశంతో, మాదిరి రెజ్యూమేను అన్నిటికంటే పైన పెట్టి పంపారు.

జవాబు త్వరగానే వచ్చింది. “మీ కళాశాల నుంచి అందిన దరఖాస్తుల్లో దాదాపు అన్నీ ఒకదానికొకటి నకళ్ళు. ఒకటి బొత్తిగా అసంపూర్ణం. మిగతా అందరూ ఎవరిని చూసి రాశారో ఆ ఒక్క విద్యార్థిని ప్రతిభను మాత్రం మేము ఇట్టే గుర్తించాము. ఆమెను వెంటనే పంపగలరు.” చివర సంపాదకురాలి సంతకం ఉంది. పత్రికవారి చూపు ఎంత నిశితమైనదో గమనించారుగా. అసలుకూ నకలుకూ తేడాను వారు సరిగ్గా పట్టుకున్నారు.

ప్రిన్సిపాల్‌గారు అత్యవసర సమావేశం పిలిచారు. అధ్యక్షోపన్యాసంలో ఒక భాగాన్ని యథాతథంగా ఇస్తున్నాను: “మిత్రులారా! లేకపోవడం ఒక లోపమే, కాదనను. కాని హాజరు చూడండి, నడవడిక చూడండి. ఉన్నవాళ్ళలో ఇటువంటి పిల్ల ఒక్కతైనా ఉందా? ఇన్నేళ్ళలో ఈమె మీద ఒక్క ఫిర్యాదు వచ్చిందా? లేదన్న ఒకే ఒక్క కారణంతో ఇలాంటి రత్నాన్ని దూరం చేసుకుంటే, రేపు ఉన్నవాళ్ళు మనల్ని క్షమిస్తారా?” అందరూ చప్పట్లు కొట్టారు. నేను అభ్యంతరం చెబుదామని చెయ్యెత్తాను. టీ కోసమనుకుని కప్పు అందించారు. తాగాను. మాదిరి అమ్మాయిని మొదటి సంవత్సరం నుంచే చేరినట్టుగా చేర్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాము.

ఇక ఆమె పేరు పెట్టుకుని ఎవరో ఒకరు వెళ్ళాలి. కట్టలో ఉన్నవాళ్ళంతా ఆ ఈతా ఆ పర్వతారోహణా మావేనని అప్పటికే సంతకాలు పెట్టి ఉన్నారు. వాళ్ళలో ఎవరిని పంపినా, ఆ ఘనత నాదేనని రేపు పేచీ పెట్టవచ్చు. అవేవీ తనకు రావని రాతపూర్వకంగా ఒప్పుకున్నది ఒక్క చివరి బెంచీ అమ్మాయే. కాబట్టి సమావేశం నిజాయితీకి విలువనిచ్చి ఆమెనే ఎంపిక చేసింది.

ఆమె ఇంటికి కబురు తీసుకెళ్ళింది నేనే. నర్సుగారు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, తెల్ల దుస్తులు మార్చుకోకుండానే గుమ్మంలో కూలబడి ఉన్నారు. సంగతంతా విని కూతురితో, “పేరుదేముందే! ముందు లోపలికి అడుగు పెట్టు. పని చూశాక నువ్వెవరో వాళ్ళకే తెలుస్తుంది” అన్నారు.

“తెలుస్తుందంటావా అమ్మా?”

“తెలియక ఛస్తుందా!”

తల్లి మాట మీద ఆ పిల్ల వెళ్ళింది.

పత్రికా కార్యాలయంలో తలుపుల నుంచి బల్లల దాకా అన్నీ గాజువే. అందరూ నల్లబట్టల్లో ఉంటే, ఎవరో పోయారేమోనని ఆమె మొదటి రోజు గొంతు తగ్గించి మాట్లాడింది. అది ఆ యేటి ఫ్యాషనని తరవాత తెలిసింది. ఆమెను ఎవరూ ఈదమనలేదు, నాలుగో భాష ఏదని అడగలేదు. ఫొటోలకు తెచ్చిన గౌన్లకు ఆవిరి ఇస్త్రీ చెయ్యడం, చెప్పుల పెట్టెలు పై అంతస్తుకు మొయ్యడం ఆమె పనులు. లిఫ్టు బట్టలకు కేటాయించారు, మనుషులు మెట్లెక్కాలి. ఆమె రొప్పుతూ పెట్టెలు మోస్తుంటే సంపాదకురాలు చూసి, “ఆ పర్వతారోహణ అనుభవం ఎక్కడికి పోతుంది!” అని మురిసిపోయారు.

ఒకనాడు చివరి నిమిషంలో ఏదో ప్రకటన రాక, ఒక పేజీ ఖాళీ పడింది. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల తన సంచిలోంచి రెండు కాగితాలు తీసిచ్చింది. వేరే గతి లేక వేసేశారు. అందులో నుంచి కొంచెం:

“ఆస్పత్రికి వచ్చేవాళ్ళు ఇంట్లో ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని వస్తారు. షోకు కోసం కాదు. ఇస్త్రీ చొక్కా ప్రశ్న అడిగితే డాక్టరు నిలబడి జవాబు చెబుతాడు. నలిగిన చొక్కా అడిగితే నడుస్తూ చెబుతాడు. మొన్న ఒకాయన భార్య పోయిందని తెలిసిన తరవాత కూడా, చొక్కా అంచు లోపలికి దోపుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.”

చదివి నేను చాలాసేపు పత్రిక ముయ్యలేదు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు, చివరి బెంచీలో ఇటువంటి కళ్ళు ఉన్నాయని తెలియనందుకు సిగ్గేసింది. ఆ వాక్యాల కింద మాదిరి అమ్మాయి పేరు ముద్దుగా, లావుపాటి అక్షరాల్లో ఉంది.

పాఠకుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మాదిరి అమ్మాయి కలానికి జోహార్లన్నారు. అసలు మనిషి ఇక ఉండబట్టలేక సంపాదకురాలి గదిలోకి వెళ్ళింది.

“మేడమ్, అది రాసింది నేను.”

“నువ్వే కదా! కంగ్రాట్స్.”

“నేను ఆ అమ్మాయిని కాదు మేడమ్. మా కాలేజీలో అసలు ఆ అమ్మాయే లేదు.” ఉన్నదంతా చెప్పేసింది.

సంపాదకురాలు పాత కట్ట తెప్పించి, అడుగున ఉన్న నాలుగు వాక్యాల కాగితం బయటికి తీశారు. “దీన్నేనా మేం వద్దన్నది? సరిగ్గానే వద్దన్నాం. ఇందులో ఏముందో నువ్వే చెప్పు.”

“ఆస్పత్రి వరండా ఉంది మేడమ్.”

“అది నువ్వు రాశాక కదా తెలిసింది! ఇప్పుడు పేరు మారిస్తే మా ఎంపిక తప్పని మేమే ఒప్పుకున్నట్టు. మా ఎంపికలో తప్పు జరగదు. నువ్వు బాగా రాస్తావు, కాదనను. ఆ అమ్మాయిని చూసి రెజ్యూమే మెరుగుపరుచుకో.”

రెండు నెలలూ గడిచాక, అభినందన పత్రం మాదిరి అమ్మాయి పేరు మీదే వచ్చింది. మేము దానికి పటం కట్టించాము. కళాశాల గేటుకు ఫ్లెక్సీ కట్టాము. ఫొటో దొరకనందున ఆఫీసరుగారు పాత శాఖ మీద మమకారంతో మందారపువ్వు బొమ్మ వేయించారు.

ఆ వారమే చివరి బెంచీ అమ్మాయి కొత్త రెజ్యూమే తెచ్చింది. అందులో అచ్చయిన ఆ రచన ప్రస్తావన ఉంది. నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. ఆఫీసరుగారు కలం తీసి ఆ వాక్యం కొట్టేశారు.

“ఇది మాదిరి అమ్మాయిగారు రాసింది కదమ్మా. ఇంకొకళ్ళ రచన మనదని చెప్పుకోవడం ఎంత తప్పో తెలుసా? ఈ కాలప్పిల్లల్లో విలువలు పడిపోతున్నాయి.”

“సార్, నేనే రాశానని మీకు తెలుసు కదా!”

“నాకు తెలిస్తే సరిపోతుందా? కాగితానికి తెలియాలి. అదలా ఉంచు, నీకో శుభవార్త. ఆవిడకి అక్కడే ఉద్యోగం ఇస్తున్నారు. మళ్ళీ నువ్వే వెళ్ళు. జీతం కూడా ఉంది.”

“వెళ్ళను సార్.”

“కాలదన్నుకుంటావా?”

“ఇంకెన్ని రాసినా అన్నీ ఆవిడవే అవుతాయి కదా సార్. నాది నాదేనని బయట ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అంటే చాలనుకున్నాను. మా అమ్మకి తెలుసు, మీకు తెలుసు, ఈ సారుకీ తెలుసు. అమ్మ మాట ఎవరు వింటారు? మీరేమో అనరు.”

ఈ సారంటే నేనే. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. బయట చూడదగ్గదేమీ లేదు. ఆ పిల్ల నా జవాబు కోసం కాసేపు ఆగింది. తరవాత ఆ కొట్టేసిన కాగితాన్నే మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

దీనివల్ల కళాశాలకు కలిగిన అసౌకర్యం ఏమీ లేదు. మాదిరి అమ్మాయి స్థానం ఖాళీగా ఉన్నదనీ, సొంత పేరు వదులుకోగలవారు తల్లిదండ్రులతో సహా హాజరు కావాలనీ ప్రిన్సిపాల్‌గారు ప్రకటన ఇచ్చారు. పొద్దుటికల్లా వరస గేటు దాటి వీధి మలుపు తిరిగింది. సిఫారసు ఉత్తరాలతో వచ్చినవారు కొందరు, పేరు మార్పు ముందే చేయించుకుని వచ్చినవారు కొందరు. తోపులాట లేకుండా ఇద్దరు అటెండర్లు తాళ్ళు కట్టాల్సి వచ్చింది.

ఆ వరసలో మిమ్మల్ని చూశాను. మీరు నన్ను గమనించలేదు. మీ అమ్మాయి మీ చెయ్యి లాగి, “లోపల నా పేరేమైనా అడుగుతారా?” అంది. “నోర్మూసుకుని నిలబడు, చోటు పోతుంది” అన్నారు మీరు. చక్కగా చెప్పారు. నేనూ మా అమ్మాయితో సరిగ్గా అదే అన్నాను. మీ వెనకాల ఉన్నది మేమే. వరస కదిలింది, కాస్త ముందుకు జరగండి.