డయలౌట్ గ్రూపులో ముగ్గురం

కంప్యూటర్ కనిపెట్టిన మహానుభావులు మానవజాతికి చేసిన అసలు మేలు ఏమిటంటారా? లెక్కలు కట్టడం కాదు. "పర్మిషన్ డినైడ్" అనే రెండు మాటలు! అనర్హులను గడప దాటనివ్వని ఇంత నిక్కచ్చి కాపలా ఈ తొంభై తొమ్మిదిలో మన చిక్కడపల్లిలో ఇంకెక్కడైనా ఉందా?

నమ్మకపోతే మా కాశీవిశ్వనాథం గారి కంప్యూటర్ సెంటర్‌లో కిందటి నెల జరిగింది వినండి. అక్కడి మెషీన్‌లో విండోస్ కాదు, లినక్స్ నడుస్తుంది. దాని వెనక, ఫోను లైను మీద మెయిల్ పంపే మోడెం డబ్బా వైరు గుచ్చే చోటును సీరియల్ పోర్టు అంటారు. టీవీ సీరియల్‌కూ దానికీ చుట్టరికం లేదు. 'డయలౌట్' అనే గ్రూపులో పేరున్నవాళ్ళకే అది తెరుచుకుంటుంది. వాళ్ళే ఈమెయిల్ పంపగలరు. ఎంత చక్కని ఏర్పాటు!

ఆ సెంటర్ నడిపే వీణది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ పొద్దున గ్రూప్-2కు చదువుతుంది, మధ్యాహ్నం పనికి వస్తుంది. లినక్స్ ఎక్కించింది ఆమె. మోడెం చేత కూత పెట్టించింది ఆమె. అంతా అయ్యాక కాశీవిశ్వనాథం గారు గ్రూపుల్లో పేర్లు మార్చగల అసలు పాస్‌వర్డ్ మార్చి తన దగ్గర ఉంచుకున్నారు. తన పేరు కూడా గ్రూపులో చేర్చమని వీణ అడిగితే, ఫోను లైను కదమ్మా, అందరికీ ఇస్తే ఎలా అన్నారు. ఎంత ముందుచూపు!

ఆ శుక్రవారం ఆమె హిమాయత్‌నగర్ కంపెనీ ఒకదానికి ఉద్యోగ దరఖాస్తు పంపాలి. నడిచి వెళ్ళేంత దూరమే. కానీ ఈమెయిల్‌లోనే రావాలట, అదీ నాలుగింటిలోగా! ఓనరు గారేమో పెళ్ళికి వెళ్ళారు. మూడున్నరకు వీణ పోర్టు తెరవబోయింది. పర్మిషన్ డినైడ్!

నా వ్యాసం పంపుకుందామని నేను అప్పుడే చేరాను. వీణ సంగతి చెప్పి తెర మీది ఆ రెండు మాటలు చూపించింది. గ్రూపులో ఎవరెవరున్నారని అడిగాను. జాబితా ఎవరైనా చదవచ్చు, మార్చడమే కుదరదు అంటూ చూపించింది. మూడు పేర్లు. ఒకటి ఓనరు గారిది. రెండోది కీబోర్డు ముట్టని ఆయన బావమరిది ఏడుకొండలుది. మూడోది నాది!

నాకేం అర్హత అంటారా? పత్రికలో రాస్తాను కదా!

"సార్, జర మీ పేరు మీద లాగిన్ అయితరా? నా దరఖాస్తు పంపుకుంట," అంది వీణ.

అయ్యాను. మోడెం కూసింది. నాలుగింటికి ఏడు నిమిషాలుండగా దరఖాస్తు వెళ్ళిపోయింది. వీణ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ఉద్యోగం వచ్చింది. చివరి రోజున కాశీవిశ్వనాథం గారు పెద్ద మనసు చేసుకుని, గ్రూపులో చేరుస్తానమ్మా, ఉండిపో అన్నారు.

"ఇప్పుడెందుకు సార్. మీరు ముగ్గురున్నరు గద," అంది ఆమె నెమ్మదిగా.

నిజమే, ఉన్నాం! నిన్న మోడెం మూగబోయింది. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. మాకు లేని పర్మిషన్ లేదు. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో మాత్రం ఒక్కరికీ తెలియదు. చాలాసేపు ఆలోచించాక, వీణకు ఈమెయిల్ పంపి అడుగుదామన్నారు ఏడుకొండలు గారు.