తూచో గొంతు పెంచండి

రొసారియో నగర ప్రజలకు ఛానల్ పదిహేడు సగర్వంగా తెలియజేసినదేమనగా: రాక్ సంగీత సార్వభౌముడు తూచో బర్రగాన్ పునరాగమన కచేరీని నదీతీర మైదానం నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయడానికి సకల ఏర్పాట్లూ పూర్తయ్యాయి. రంగురంగుల దీపాలు వచ్చాయి. పొగ వదిలే యంత్రాలు వచ్చాయి. సాంస్కృతిక శాఖ మంత్రిగారికి మొదటి వరుసలో సోఫా వచ్చింది. ఒక్క సౌండ్ ఇంజనీరుకే కుర్చీ రాలేదు. అదంత ప్రధానమైన విషయం కాదు కనక ప్రకటనలో చేర్చలేదు.

ఆ సౌండ్ ఇంజనీరు పేరు ఎవరిస్తో కిరోగా. మైదానం వెనకాల ఆపిన, ప్రసారం నడిపే ఓబీ వ్యానులో బీరు పెట్టె ఒకటి బోర్లించుకుని దానిమీద కూర్చున్నాడు. ఆయన పని చెప్పుకోవడానికి చాలా తేలిక. వేదిక మీది మైకులన్నీ తీగల గుండా ఆయన ముందున్న బల్లకి వస్తాయి. ఒక్కో మైకుకి ఒక్కో మీట. పైకి తోస్తే ఆ చప్పుడు దేశానికి వినబడుతుంది, కిందికి లాగితే వినబడదు. మైదానంలో జనం వినే పెద్ద స్పీకర్ల సంగతి చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు. ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లు వినేదానికి మాత్రం ఎవరిస్తోదే పూచీ. బాగుంటే అది తూచో గొప్పతనం, బాగోకపోతే ఎవరిస్తో తప్పు అని అందరూ ఏనాడో ఒప్పుకున్నారు.

ప్రసారానికి ముందు పెద్దలు ఒక్కొక్కరే వ్యానుకి వేంచేశారు. గిటారిస్టు వచ్చి గిటారు పెంచమన్నాడు. డ్రమ్ములాయన వచ్చి డ్రమ్ములు పెంచమన్నాడు. బేసు వాయించే కుర్రాడి తల్లి ఫోను చేసి, "మావాడిది అస్సలు వినబట్టంలేదు నాయనా!" అని వాపోయింది. అప్పటికి కచేరీ మొదలే కాలేదు. ఎవరిస్తో ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఈనాటి వరకూ ఎవరూ వచ్చి "నాది కాస్త తగ్గించు బాబూ" అన్న పాపాన పోలేదు. అందుకని ఆయన బల్లకి ఒక మూల, దేనికీ తగిలించని మీట ఒకటి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ల ముందు దాన్ని భక్తిగా పైకి తోసి, "ఇప్పుడెలా ఉంది సార్?" అని అడుగుతాడు. "అదీ! ఇప్పుడొచ్చింది ప్రాణం!" అని వాళ్లు సంతృప్తిగా వెళ్లిపోతారు.

తూచో మాత్రం రాలేదు. మైకు పరీక్షకి స్వయంగా రావడం మహానుభావులకి మర్యాద కాదు. ఆయన కారు తోలే మనిషి వచ్చి మైకులో "ఒకటి, రెండు" అన్నాడు. రెండు అంకెలూ స్పష్టంగానే వినిపించాయి. పరీక్ష నెగ్గినట్టు అందరూ సంతకాలు చేశారు.

ఇక్కడ మన శ్రోతల ఆచారం ఒకటి చెప్పాలి. వేరే దేశాల్లో జనం పాట వింటారట. మనం అలా ఊరుకోం. మొదటి మాట నుంచి చివరి మాట దాకా గాయకుడితో కలిసి పాడతాం. మాటలు అయిపోయి గిటారు మొదలైతే గిటారుని కూడా "ఓ ఓ ఓ" అని నోటితోనే పాడతాం. కనక తూచో కచేరీలకి ఇన్నేళ్లుగా వెళుతున్నవాళ్లలో తూచో గొంతు విన్నవాడంటూ ఒక్కడూ లేడు.

పొద్దు వాలుతుండగా తూచో వేదికెక్కాడు. మైదానం దద్దరిల్లింది. ఎవరిస్తో హెడ్‌ఫోన్లు సర్దుకుని, చిన్నప్పుడు గోడమీద ఈయన బొమ్మ అంటించుకున్న రోజులు తలుచుకుంటూ, గాయకుడి మీటని ప్రేమగా పైకి తోశాడు. వెంటనే కిందికి లాగేశాడు.

అది గొంతు కాదు. తుప్పు పట్టిన గేటు. శ్రుతి ఒక వీధిలో ఉంటే ఆయన ఇంకో వీధిలో వెతుక్కుంటున్నాడు. గాలి చాలక మాటల మధ్యలో ఆగుతున్నాడు. మైదానంలో జనహోరు కింద అది ఎవరికీ తెలియదు. కానీ ఈ తీగలో జనం లేరు, తూచో ఒక్కడే ఉన్నాడు. ఎవరిస్తోకి కళ్లు చెమ్మగిల్లాయి, వెంటనే ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఈ మీట పైకి వెళ్లిందంటే దేశం తన దేవుణ్ని పోగొట్టుకుంటుంది, చంపినవాడిగా తన పేరు నిలిచిపోతుంది. కన్నతల్లి కూడా తలుపు తియ్యదు.

చెవిలో ఛానల్ డైరెక్టరు జులేమా మేడమ్ కేకేసింది. "ఎవరిస్తో! తూచో గొంతేదయ్యా? పెంచు!"

"పెంచితే... మేడమ్..."

"పెంచితే ఏమవుతుంది?"

"వినబడుతుంది మేడమ్."

"మరి వినబడ్డానికే గదయ్యా నీకు జీతమిచ్చేది! ఇంకో నిమిషంలో వినబడకపోతే రేపట్నుంచి నువ్వు తెల్లవారుజాము పశువుల ధరల కార్యక్రమానికి!"

ఎవరిస్తో దిక్కుతోచక, జనం హోరు కోసం మైదానంలో కట్టిన మైకులన్నీ పైకి తోశాడు. వాటిలో ఒకటి మైదానం చివర స్తంభానికి కట్టి ఉంది. ఆ స్తంభం కిందే, నీడగా ఉందని, రొట్టెలో సాసేజీ పెట్టి అమ్మే చోరిపాన్‌ల బండికి కూడా మునిసిపాలిటీవారు స్థలం కేటాయించారు. బండివాడు ఫిలెమోన్ నిప్పుల మీద సాసేజీలు తిప్పుతూ, రొట్టెలు కోస్తూ, కళ్లు మూసుకుని తూచో పాట పాడుతున్నాడు. ఏం గొంతండీ! ఎవరిస్తో మరేమీ ఆలోచించలేదు. గాయకుడి మీట పూర్తిగా దింపి, ఫిలెమోన్ మీట పూర్తిగా ఎత్తాడు.

దేశం నిశ్చేష్టమై వింది. "వంతెన కింద నది ఆగదు... నీకోసం నేనాగాను... వేడివేడి చోరిపాన్!... నేనాగాను... అమ్మా, చిమిచుర్రి పచ్చడి వెయ్యమంటారా?"

"అబ్బబ్బ!" అంది చెవిలో జులేమా మేడమ్. "ఇదయ్యా తూచో అంటే!"

మర్నాడు పత్రికలు ఆయన గొంతు పాతికేళ్లు వెనక్కి నడిచిందని రాశాయి. పాట నడుమ చోరిపాన్‌ని ప్రవేశపెట్టడం ద్వారా తూచో మహాశయుడు ప్రేమకూ ఆకలికీ గల చారిత్రక సంబంధాన్ని నిర్భయంగా ప్రకటించారని ఒక విమర్శకుడు అభిప్రాయపడ్డాడు. చిమిచుర్రి ప్రశ్నకి జవాబు చెప్పకుండా వదిలేయడంలోని నిశ్శబ్దం మీద విశ్వవిద్యాలయంలో సదస్సు జరిగింది. ఆ పంక్తి ప్రభుత్వాన్ని దెప్పడానికేనని ప్రతిపక్షం, కాదు పొగడ్డానికేనని అధికారపక్షం వాదించుకున్నాయి. "ఈ గళం మన జాతి ఆస్తి! దీన్ని కాపాడేందుకు ఎంతటి త్యాగానికైనా వెనుదీయం!" అని మంత్రిగారు గర్జించి, భోజనానికి వెళ్లారు. పునఃప్రసారం చూసి ఫిలెమోన్ ఏడ్చాడు. "ఏం గొంతే! మనమూ పాడతాం, ఎందుకూ!" అని పెళ్లాంతో అన్నాడట.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉండాలి. కానీ వచ్చే నెల రాజధానిలో ఇంతకి పదింతల కచేరీ ఖాయమైంది. ఆ ప్రసారం వేరే ఛానల్‌ది. అక్కడ మీటల ముందు కూర్చునేవాడికి ఏమీ తెలియదు, పెంచమనగానే పెంచేస్తాడు. దేశమంతా చూస్తుండగా తూచో పరువు గంగపాలవుతుంది. ఎవరిస్తోకి నిద్ర పట్టలేదు. తను అంత ప్రేమించిన మనిషికి తనైనా నిజం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

రికార్డు వినడానికి తూచో ఛానల్‌కి వచ్చినప్పుడు, ఎవరిస్తో గుండె రాయి చేసుకున్నాడు. జులేమా మేడమ్ పక్కనే ఉండగా, ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, గాయకుడి మైకు ఒక్కటే వినిపించాడు. జనం లేరు, గిటారు లేదు, ఫిలెమోన్ లేడు.

తూచో కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. హెడ్‌ఫోన్లు తీశాక ఆయన కళ్లలో నీళ్లు.

"ఎవర్రా అబ్బాయ్ ఈయన?"

ఎవరిస్తో హెడ్‌ఫోన్ల తీగ చుట్టడం మొదలెట్టాడు.

"పాపం, పెద్దాయన. ఒకప్పుడు బాగానే పాడి ఉంటాడ్రా. అక్కడక్కడ తెలుస్తోంది." కళ్లు తుడుచుకున్నాడు తూచో. "అయినవాళ్లు ఎవరో ఒకరు చెప్పాలిరా, ఇంక చాలు పెద్దాయనా, ఇంట్లో కూచోమని. మన రంగంలో ఇదే దరిద్రం. చప్పట్లు కొడతారు గానీ చెప్పేవాడు ఉండడు."

జులేమా మేడమ్ ఎవరిస్తో కాలు గట్టిగా తొక్కింది.

"నేను... నేను చెబుతాను సార్," అన్నాడు ఎవరిస్తో.

"చెప్పు నాయనా. నొప్పించకుండా చెప్పు," అని భుజం తట్టి, తూచో లేచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "అదిసరేగానీ, రికార్డులో నా గొంతు ఇంకాస్త పెంచుతావా?"

"పెంచుతాను సార్."

రాజధాని కచేరీకి టికెట్లన్నీ ఒక్కపూటలో చెల్లిపోయాయి. దొరికిన అదృష్టవంతుల్లో మనమూ ఉన్నాం. తూచోకి గొంతు పోయిందని మనకేమీ తెలియక కాదు. ఆయన నోరు తెరిచేలోపే అందరం కలిసి గట్టిగా అందుకుంటాం గదా, ఇంక ఆ సంగతి వినాల్సిన ఖర్మ మనకేం?